పటమునఁ బల్నాడు

చరిత్రరచనకు శాసనములు, నాణెములు, కావ్యములు, విదేశీయుల యాత్రావృత్తాంతములు నాధారములని మనవారెల్లరు నంగీకరించిరి. దేశపటమును మాత్రము మనము వ్యాసము చివర నతికించు నలంకారముగానే యెంచుచున్నాము. ఊరెక్కడ నున్నదో చూపుటకంటెఁ బటమునకు వేఱు పని లేదన్నట్లు ప్రవర్తించుచున్నాము. కాని పటము కూడ నొక శాసనమే. దానిని వ్రాయించినవాఁ డొకఁడు కలఁడు. వ్రాయించుటకుఁ బ్రయోజన మొకటి కలదు. అందుఁ జెప్పఁబడినది కొంత, విడువఁబడినది కొంత కలదు. శాసనమునువలెనే దానినిఁ బరిష్కరించి చదివినచో, శాసనము వేయించు శక్తి లేని పసులకాపరులును, గనులలోఁ బనిచేసిన కూలివారును, రాతిపనివారును తమ జాడలు చూపుదురు. ఈ మాటకుఁ బల్నాటిసీమ మంచి నిదర్శనము.

పటము చేయఁగల పని తెలియుటకుఁ బరదేశమునుండి యొక్క యుదాహరణము చాలును. 1854లో లండను నగరమునఁ గలరా చెలరేఁగినప్పుడు జాన్ స్నో యను వైద్యుఁడు చనిపోయినవారి యిండ్లను వీథిపటముపై నల్లని గుఱుతులతోఁ జూపెను. ఆ గుఱుతులు బ్రాడు వీథిలోని యొక నీటిపంపుచుట్టును దట్టముగా నుండి, దూరమైనకొలఁదిఁ బలుచనయ్యెను. మృతుల పట్టికలోఁ బేరు క్రిందఁ బేరుగాఁ జెదరియున్న సత్యము పటమున నొక్కచూపునకే గోచరించినది. మనుజులెక్కడ నివసించిరి, ఎక్కడి నీరు త్రాగిరి, ఏ దారిని నడచిరి యనునవి యొకదానిప్రక్క నొకటి పెట్టి చూచినఁగాని తెలియని సంగతులు.

పల్నాట మొదట విప్పవలసిన పటము రాజులది కాదు, రాళ్ళది. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిమీఁదను, గుంటూరునుండి నడికుడి మీఁదుగాఁ బోవు రైలుదారిమీఁదను నున్న పిడుగురాళ్ల సున్నమునకుఁ బేరుపొందిన యూరు. ఊరిపేరులోనే రాయి కలదు. నున్నఁగా నూఱఁబడిన ప్రాచీన శిలాపరశువు దుక్కిచాలులో దొరికినప్పుడు దానిని పిడుగుతోఁ బడిన రాయి యనుట మన పల్లెలలో నున్నది; ఇట్టి నమ్మకమే ఐరోపాలోను నుండెను. ఊరిపేరునకదియే మూలమని నేను సాధింపఁబూనను. పేరులోని రాయి యేదైనను, ఊరిక్రిందనున్న రాయి మాత్రము సందేహమునకుఁ జోటీయదు. 1872లో విలియం కింగు కడప, కర్నూలు శిలావర్గములను గూర్చి భారత భూగర్భ పరిశోధనశాఖవారి గ్రంథమాలలోఁ బ్రకటించిన పెద్ద గ్రంథమునఁ బల్నాటి రాళ్ళు కూడ వర్ణింపఁబడినవి. భూగర్భపటములలోఁ బల్నాటి నేల చాలవఱకు సున్నపురాతి పఱపుగాఁ గనఁబడును.

ఆ పటమును, ఊళ్ళ పటమును ఒకదానిపై నొకటి పఱచి చూడుఁడు. నాపరాయి పలకలుగా లేచు చోటుల నిండ్ల గోడలును, కప్పులును, దొడ్ల చుట్టు దళ్ళును నాపరాతివే. సున్నపుపాలు మిక్కుటముగా నున్నచోట బట్టీలు, ముగ్గుమిల్లులు, ఇటీవలి కాలమున సిమెంటు కర్మాగారములు. రాతిపై మన్ను పలుచనగా నున్నచోట జొన్నయే పంట. పల్నాటి జొన్నకూటిని, నీటికొఱతను ఎగతాళిచేయు చాటువులు శ్రీనాథునివని వాడుక. కవి కోపగించుకొన్నది పల్నాటివారి మీఁదనే యనుకొంటిమి గాని, నిజమున కాతని కోపము భూగర్భపటముమీఁదఁ బోవలసినది.

అమరావతీస్తూపపు శిల్పములు పాలరాతివని చిరకాలము వాడుకలో నుండెను. అవి పాలరాతివి కావు, సున్నపురాతివి. లండనులోని బ్రిటిష్ మ్యూజియమువా రా రాతికిఁ బల్నాటి పేరే పెట్టి వ్రాసియున్నారు. ఆనాఁటి శిల్పి యెంచుకొన్న రాయియు, నేఁటి బట్టీవాఁడు కాల్చు రాయియు దగ్గఱి చుట్టములే. ఈ చుట్టఱికము స్తూపమునకు మేలు చేయలేదు. శిల్పమును గాల్చినను మంచి సున్నమే వచ్చును గనుక, అమరావతి ఫలకములలోఁ గొన్ని సున్నముగా మాఱిపోయినవి.

ఇఁక మనుజులు గీచుకొన్న హద్దులను జూతము. మన పూర్వులకుఁ గాగితపుఁ బటము లేకున్నను మాటల పటము కలదు. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములను జదివినవా రెఱుఁగుదురు: రాజుగారి వంశప్రశస్తి సంస్కృతమున సాగి సాగి, దానమిచ్చిన యూరి యెల్లలు చెప్పు తావునకు రాఁగానే తెలుఁగు మాటలు చొచ్చుకొని వచ్చును. తూర్పున మొదలుపెట్టి యాగ్నేయము, దక్షిణము, నైరృతియని ప్రదక్షిణముగాఁ దిరుగుచుఁ, బుట్టలు, గుంటలు, చెట్లు, వాఁగులు, పొరుగూరి పొలమేరలు చెప్పఁబడును. ప్రశస్తి కవి వ్రాసినది. ఎల్లలు ఊరిపెద్దలు నడచి చూపినవి. వంశప్రశస్తికై రాగిఱేకును జదివినవారు మనలోఁ బెక్కురు. ఎల్లలకై చదివి, ఆ దారిని మరల నడచి చూచినవారు మిక్కిలి కొలఁదిమంది.

ఈ మాటల పటమును గీఁతల పటముతో జతపఱచిన మొదటి యుద్యోగి కర్నల్ కాలిన్ మెకంజీ. 1754లో స్కాట్లండునకుఁ జెందిన యొక ద్వీపమునఁ బుట్టి, కుంఫిణీ కొలువున మనదేశమునకు వచ్చి, 1815లో భారతదేశమున కంతకు మొదటి సర్వేయరు జనరలైనవాఁడు. ఆయనకుఁ గుడిభుజమై నిలిచినవాఁడు కావలి వెంకట బొఱ్ఱయ్య. 1803లో నతఁడు చిన్నవయసుననే మరణింపఁగా తమ్ముఁడు లక్ష్మయ్య యా పనిని సాగించెను. గొలుసు పట్టి నేలను గొలుచువా రొకవైపు సాగుచుండఁగా, ఊరి కరణమువద్ద దండకవిలె విప్పించి, గుడి శాసనముల నకళ్ళు తీయించి, ఊరు పుట్టిన కథ, చెఱువు త్రవ్వించినవాని పేరు, ఏ దొరతనమున నెవరు మిరాసీదారులు అను సంగతులు వ్రాయించినవారు వీరు. ఆ వ్రాఁతలే కైఫీయతులు. 1798 ప్రాంతమున నమరావతిదిబ్బను మొదటిసారి చూచిన మెకంజీ, 1816లో మరల వచ్చి కొలతలతోఁ బటములను, ఫలకముల చిత్రములను వ్రాయించెను. తరువాత ఫలకములు చెదరిపోయినవి గనుక నేఁ డా స్తూపము నూహించువారికి ఆ కాగితములే దిక్కు.

1821లో మెకంజీ గతించిన పిదప నా భాండారము ముక్కలైనది. పటములలోను, చిత్రములలోను బెక్కులు లండను చేరినవి; దేశభాషా వ్రాఁతప్రతులు చాలవఱకుఁ జెన్నపట్టణమునకు వచ్చినవి. బ్రౌనుదొర పూనికతో వానికి నకళ్ళు వ్రాయింపకున్నచో మఱికొన్ని పురుగులపాలై యుండెడివి. నా యభిప్రాయమున మనకుఁ గలిగిన నష్టము కాగితములు పోవుటకంటెఁ బెద్దది. గీఁతలు సర్వేకచ్చేరికిని, మాటలు సాహిత్యపరులకును బంపకమై పోయినవి. అప్పటినుండి పటము చదువువాఁడు కైఫీయతు చూడఁడు. కైఫీయతు చదువువాఁడు పటము చూడఁడు. ఈ విభాగము పల్నాట నెట్టి ఫలము నిచ్చెనో ముందు చెప్పెదను. దానికంటె ముందు, రెంటిని గలిపి చదివినఁ గలుగు లాభమునకుఁ గొల్లూరి కథ చెప్పవలయును.

వజ్రవర్తకుఁడగు టావెర్నియే 17వ శతాబ్ది మధ్యకాలమున గోలకొండ రాజ్యమున వజ్రపు గనులను జూచి, ఆ వృత్తాంతమును 1676లోఁ బారిసున నచ్చొత్తించెను. గోలకొండకుఁ దూర్పున నేడు దినముల పయనమున నొక గొప్ప గని కలదనియు, దానికి దేశభాషలో ‘గని’ యనియుఁ బారసీకమునఁ ‘గూలూర’నియుఁ బేరనియు నతఁడు వ్రాసెను. భాషలు తాఱుమాఱైనను, ‘గని’ యన నేమో తెలుఁగువానికి వివరింపఁ బనిలేదు. జొన్నవంటి ధాన్యము చల్లుటకు నేల చదును చేయుచున్న యొక పేదవానికి 25 కారట్ల రాయి దొరకుటచే నా గని బయలుపడినదఁట. పురుషులు నేలను ద్రవ్వుదురు; స్త్రీలును బిల్లలును ఆ మన్నును మోసికొనిపోయి, చుట్టును బొట్టిగోడ కట్టిన బయలులోఁ బోయుదురు; దానిని నీటఁ గడిగి, యెండఁబెట్టి, చేటలఁ జెఱిగి, రాళ్ళ నేఱుదురు. అందఱును గలిసి 60,000 మంది పనిచేయుచుండి రని యతని లెక్క. లెక్క కొంత హెచ్చైనను గావచ్చును. సగమే యనుకొన్నను, ఆ కాలమునఁ గృష్ణయొడ్డున నట్టి జనసమూహ మెన్నిచోటుల నుండెను?

ఇంతటి చోటు తరువాత మఱవఁబడినది. గని పాడుపడఁగా జనులు చెదరిరి. పేరుమాత్రము గ్రంథములలో మిగిలి, ఎక్కడిదో తెలియక పోయెను. భూగర్భశాస్త్రజ్ఞుఁడగు వాలెంటైన్ బాల్ టావెర్నియే గ్రంథము నాంగ్లమునకు మార్చి 1889లోఁ బ్రకటించుచు, వజ్రపు గనుల నేలపై వెదకు పనికిఁ బూనుకొనెను. ఆతని కుపకరించినది టావెర్నియే వ్రాసియుంచిన మజిలీల పట్టిక. గోలకొండ వెడలిన పిదప నల్మాస్‌పిండె, కాపేర్, మొంతెకూర్, నజెల్పర్, ఎలిగడ, సర్వారోన్, మెల్లసెరూ, పొనొకూర్. అటుపై నేఱు దాఁటినఁ గూలూర్. ఒక్కొక్క మజిలీకి దూరము కూడ నీయఁబడినది. ఫ్రెంచివాని చెవిఁ బడి, ఫ్రెంచి లిపిలో దూఱి వచ్చిన యీ పేరులలో నన్నియు మనకుఁ దెలియకపోవచ్చును. కాని మెల్లసెరూ యని వినఁగానే మేళ్లచెరువని తెలుఁగు బాలుఁడైనఁ జెప్పును. ఆ మేళ్లచెరువు కృష్ణ కుత్తరపుగట్టున నేఁటి సూర్యాపేట జిల్లాలో నున్నది. అచటినుండి దక్షిణముగా నేఱు దాఁటినఁ బల్నాడే. దూరములను సర్వేపటముమీఁద వేసి చూచి, కృష్ణ దక్షిణపుటొడ్డున బెల్లంకొండ ప్రాంతపుఁ గొల్లూరే టావెర్నియే చెప్పిన గని యని బాల్ నిర్ణయించెను. కోహినూరు వజ్ర మిచటిదే యని లోకప్రవాదము; అది యటులుండనిండు. నాకు వజ్రముకంటె మజిలీల పట్టిక విలువైనదిగాఁ దోఁచుచున్నది. ఒక్క శాసనమునందును నెక్కని ఆ వేలకొలఁది కూలివారి చోటును మనకు మరలఁ జూపినది గీఁతయు మాటయుఁ గలిసిన చదువే.

ఇఁక విడిపోయిన పటము సంగతి. 1882లోఁ జెన్నరాష్ట్రమున నడవుల చట్టము పుట్టినది. కొండలును, కొండపాదములును ‘రిజర్వు’ అడవులుగా నేర్పఱుపఁబడి, హద్దులు గీయఁబడినవి. ఆ పటములు గీచినవారు నేర్పరులు; గీఁతలో దోషము లేదు. కాని పసువులు నీటికిఁ బోవు డొంక, ఎండకాలమున మంద నిలుపు చోటు, నాగలికిఁ గఱ్ఱ తెచ్చుకొను వాలు, పొలమున కాకుమండ తెచ్చుకొను కోన యివి పటమున కెక్కలేదు. కైఫీయతు వ్రాయించిన దొరతనపుఁ గాలము గడచిపోయెను గనుక నడుగువారు లేరు. గీఁత దాఁటిన పసువునకు బందెలదొడ్డి గతి; మేఁతకుఁ బుల్లరి కట్టవలె. మెట్టపంటల పల్నాట పసువే సేద్యగానికి మూలధనము. జొన్న పండని యేఁట నతఁడు బ్రదికినది మందవలన, మంద బ్రదికినది యడవివలన.

1921లో సహాయనిరాకరణోద్యమపు రోజులలోఁ బల్నాటి పల్లెలు పుల్లరి కట్ట మనినవి. ఉన్నవ లక్ష్మీనారాయణగా రీ యుద్యమమున శిక్షపొంది చెఱసాల కేఁగిరి. ‘మాలపల్లి’ నవల యా చెఱలో వ్రాయఁబడినదే. మించాలపాటి కాఁపు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలోఁ బోలీసుల తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ వీరుని గూర్చి పాటలున్నవి, బుఱ్ఱకథలున్నవి. చరిత్రకారుఁడు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. పుల్లరి నిరాకరించిన యూళ్ళను గుర్తించి వానిని రిజర్వుహద్దు పటముపై నుంచి, ఏ యూరినుండి యే డొంక యడవిలోనికిఁ బోయెడిదో, ఆ డొంక నే గీఁత యడ్డగించెనో చూపవలెను. అప్పుడు రాజకీయోద్యమ మెక్కడ నంటుకొనెను, ఎక్కడ నంటుకొనలేదు అను ప్రశ్నకు నాయకుల యుపన్యాసములలో దొరకని సమాధానము దొరకవచ్చును. మించాలపాడు అడవియంచునున్న పల్లె యగుట యాకస్మికమని నేను నమ్మఁజాలను.

హనుమంతు మరణించిన నాలుగేండ్లకు, 1926లో, ఆ పల్నాటిలోనే మాచర్ల కెగువ కృష్ణయొడ్డున రంగస్వామి సరస్వతిగారు నాగార్జునకొండ శిథిలములను లోకమునకు వెల్లడించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టును, 1938 మొదలు 1940 వఱకు టి. ఎన్. రామచంద్రన్‌గారును ద్రవ్వించిరి. ఇవి స్తూపములను, విహారములను వెదకిన త్రవ్వకములు. 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధిపత్యమున జరిగినది వేఱు జాతి పని. మూఁడుదిక్కులఁ గొండలు, పడమటఁ గృష్ణగల యా లోయ నంతటిని కొలిచి, పాతఱాతియుగపుఁ బనిముట్లు మొదలు మధ్యయుగపు గుడుల వఱకు దొరకిన ప్రతి స్థలమును ఒకే పటమున కెక్కించిరి.

ఆ పటమును జూచిన, క్రీస్తుశకము 3, 4 శతాబ్దుల యిక్ష్వాకుల విజయపురి కన్నులయెదుట నిలుచును. కృష్ణకుఁ జేరువగాఁ గోట, కోటలో నశ్వమేధమునకుఁ జెందినదని చెప్పు మెట్లకోనేరు, ఏటియొడ్డువెంట వరుసగా శివ, కార్తికేయ, విష్ణ్వాది దేవతల యాలయములు, కోటకుఁ దూర్పుగా, కొండలవైపు విస్తరించి బౌద్ధవిహారములు, రంగమండప మొకటి. శాసనములు మాత్రము చదివినవారు, రాజులు వైదికులు, వారి యింటి స్త్రీలు బౌద్ధులు అని వ్రాసి యూరకుందురు. శాంతమూలుఁ డశ్వమేధము చేసెను, ఆతని చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యమును నిలిపెను, ఇది శాసనములమాట. ఆ రెండు ధర్మము లొకే లోయలో నెవ్వరి నేల నెవరికి విడిచి, ఎంత దూరమున నెట్లు కలిసి బ్రదికెనో చెప్పినది పటము. భిక్షువునకు భిక్ష నడకదూరమున దొరకవలెను, ఊరి సందడి మాత్రము వినఁబడరాదు. దేవాలయమునకుఁ దీర్థము కావలెను. ఈ యవసరములే నగరమును దీర్చినవి. సంఘములోని శాఖలు కూడ వేర్వేఱు విహారములలో నుండెను. అపరమహావినసేలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళదేశపు భిక్షువులు, వీరి వసతులు శాసనములవలనఁ దెలిసినవి. వాని నడుమ దూరములు పటమువలనఁ దెలిసినవి.

బోధిసిరి యను నుపాసిక వేయించిన శాసన మిందు ముఖ్యము. సింహళభిక్షువుల కామె కట్టించిన చైత్యగృహమును జెప్పుచు, బౌద్ధము వ్యాపించిన దేశముల పేరులు వరుసగాఁ జెప్పఁబడినవి: కాశ్మీరము, గాంధారము, చీన, తోసలి, అపరాంతము, వంగము, వనవాసి, యవనము, దమిళము, పలూర, తామ్రపర్ణీద్వీపము మొదలగునవి. పల్నాటి కొండల నడుమ నిలిచి యొక గృహిణి చూచిన ప్రపంచపటమిది. అందే కంటకసోలలోని మహాచైత్యముకడ నామె చేయించిన మండపము చెప్పఁబడినది. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళకర్త టాలెమీ మైసోలియా తీరమునఁ గంటకొస్సుల యను రేవు నొకదానిఁ బేర్కొనెను. అలెగ్జాండ్రియాలో కూర్చుండి నావికుల మాటలు విని వ్రాసినవాని పేరును, పల్నాట రాతిపైఁ జెక్కించినయామె పేరును ఒకటే. నేఁటి ఘంటసాల యదియే యని పండితులు నిర్ణయించిరి.

ఇంత సమగ్రముగా నా లోయ కొలువఁబడుటకుఁ గారణము విద్యాభిలాష యొక్కటియే కాదు. నాగార్జునసాగరపు నిండునీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు. ఇంజనీర్ల పటముమీఁద నా యెత్తును గలుపుచు నొక వంకరగీఁత పోయినది. గీఁతకు లోపల నున్నదెల్ల మునుఁగవలసినదే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిఱాయి వేసిరి; 1967లోఁ గాలువలకు నీరు విడువఁబడినది. కొన్ని కట్టడములను గొండమీఁదికిని, ననుపునకును దరలించి మరల నిలిపిరి. కొండశిఖరము ద్వీపమై మ్యూజియమునకు నెలవైనది. మునుఁగకున్నచో లోయ యంతయు నింత శ్రద్ధగాఁ ద్రవ్వఁబడి యుండెడిదా యని నాకు సంశయము. లోయలో నా నాఁడు కాపురమున్న పల్లెలును లేచిపోయినవి. వారి యిండ్లను బరిహారమునకై కొలిచిన కొలతలు వేఱు; ఇక్ష్వాకుల యిండ్లను జరిత్రకై కొలిచిన కొలతలు వేఱు. ఎవ్వరి పొయ్యి యేమూల నుండెను, ఏ వీథి నెవరుండిరి అను పటము రెండువ వర్గమునకే దక్కినది.

కొల్లూరి గతియు నిట్టిదే యైనది. పులిచింతల జలాశయపు నిండుమట్టము 175 అడుగులు. ఆనకట్ట 2013 డిసెంబరులోఁ బ్రారంభింపఁబడినది. టావెర్నియే మజిలీలు లెక్కించి బాల్ కనుఁగొన్న గని ముంపులోనికిఁ బోయెను. ఎగువ నొక గీఁత, దిగువ నొక గీఁత. రెంటినడుమఁ బల్నాటి యేటియొడ్డు చరిత్రలోఁ బెద్దపాలు నీటి యడుగుననే యున్నది.

ఈ నీరే పల్నాటికి అన్నము పెట్టినదని చెప్పకున్న నన్యాయమగును. 1972లో మొదటి భూపరిశీలక యుపగ్రహము పైకిఁ బోయినది. 1988లో మనదేశపు ఐ.ఆర్.ఎస్.–1ఏ, 2009లో హైదరాబాదులోని సంస్థవారి ‘భువన్’ పటములు సామాన్యుని కందినవి. నేఁ డెవరైనఁ బల్నాటి నాకాశమునుండి చూడవచ్చును. కుడికాలువ వాలుగుండఁ బాముపోకడఁ బోవును. కాలువకు దిగువ నాకుపచ్చ, ఎగువ నెఱ్ఱనేల, బూడిదరంగు. ఒకే గ్రామములో నొక యన్న మాగాణి రైతు, ఒక తమ్ముఁడు మెట్ట రైతు; హద్దు కాలువగట్టు. పంటకాలమునఁ గూలి యెటునుండి యెటు పోవునో, ఏ పల్లె యింటికిఁ దాళమువేసి వలసపోవునో దీనినిబట్టి చాలవఱకు నూహింపవచ్చును. పిడుగురాళ్ల చుట్టును దెల్లని మచ్చలు కనఁబడును. అవి క్వారీలును, బట్టీలును, సున్నపుధూళియును. వేర్వేఱు సంవత్సరముల చిత్రములను వరుసఁబెట్టిన, ఏ దిబ్బ యెప్పుడు మాయమైనదో చెప్పవచ్చును. కాని యా దిబ్బ పే రుపగ్రహమునకుఁ దెలియదు.

ఇచటికే నేను రాఁదలఁచితిని. మన భూముల పాఁత కొలత గొలుసుతోఁ జేసినది. గొలుసు 66 అడుగులు, నూఱు లింకులు. పది చదరపు గొలుసు లొక యెకరము. ఆ కొలతతో వ్రాసిన ఎఫ్.ఎం.బి. పటములలోఁ బొలమునకు నంబరు మాత్రమే మిగిలినను, పేరు కరణము నోటను, రైతు నోటను నుండెను. 1984లోఁ గరణపుఁ బదవి పోయినది. 2020 డిసెంబరు 21న రాష్ట్రమున డ్రోనులతోను, ఉపగ్రహసంకేతములు గ్రహించు రోవర్లతోను సమగ్ర రీసర్వే తక్కెళ్లపాటియందుఁ బ్రారంభమైనది. కొలత యంగుళములలోనికి వచ్చినది. ప్రతి ముక్కకుఁ గ్రొత్త నంబరు. సరిహద్దు తగవులు తీఱుటకు నేర్పైన పని యిది, నే నాక్షేపింపను. కాని పాఁత నంబరు పోయి క్రొత్త నంబరు వచ్చునపు డా నడుమ జాఱిపోవునది పొలము పేరు.

పొలము పేరు పనికిమాలిన వస్తువు కాదు. ‘పాటిమీఁది చేను’ అనినఁ జాలును, అది పూర్వ మూరున్న చోటని తెలియును. అచటి బూడిదమన్ను బలమైన యెరువు గనుక రైతు లెన్నఁడో బండ్లఁ దోలుకొనిపోయి యుండవచ్చును. దిబ్బ నేలమట్టమై యుండవచ్చును. డ్రోను తీసిన చిత్రమునఁ జదునుచేనువలెనే కనఁబడును. పేరొక్కటియే పెంకుముక్కల కాధారము. ‘రాకాసిగుళ్ళ చేను’ అనిన బృహచ్ఛిలాసమాధులకై యచట వెదకవలెను. ‘మందదిబ్బ’, ‘సున్నపుగుంట’, ‘దొరువు’, ‘గనిగుంట’ యను పేరు లొక్కొక్కటి యొక్కొక్క వృత్తివారి చరిత్ర.

కావున మన సంఘము పిడుగురాళ్ల మండలమును మొదట తీసికొని యీ పేరులను సేకరింపవలయునని మనవి. పుస్తకమున నాఱు గడులు చాలును: పాఁత సర్వేనంబరు, క్రొత్త నంబరు, పొలము పేరు, ఆ పేరునకుఁ జెప్పు కారణము, చెప్పినవారి వృత్తియు వయస్సును, వినిన తేది. కారణము నమ్మఁదగినది కాకున్నను జెప్పినది చెప్పినట్లే వ్రాయవలె. పాఁత కరణపు కుటుంబములలో నెనుబదియేండ్లు దాఁటినవారు కొందఱు నేఁటికిని గలరు. అంతకంటె ముఖ్యులు గొఱ్ఱెలకాపరులును, క్వారీలలోఁ బాఁతకాలపు పనివారును. రైతున కాతని పొలము పేరు మాత్రమే తెలియును. కాపరికి నడచిన పొలములన్నిటి పేరులు తెలియును. వీరు తెల్లవాఱకముందే మందతో వెడలుదురు గనుక, అడుగఁబోవువారు ముందునాఁటి రాత్రియే యూరు చేరుట మేలు.